నాయన డబ్బా, నా ఆరు తూటాలు

సెప్టెంబరు 4

తుపాకి ఇంటికి వచ్చింది. పోయిన సంవత్సరం ఎన్నికలకు ముందు అందరితో పాటు నాయన కూడా దాన్ని స్టేషన్లో అప్పగించాడు. తర్వాత మంచాన పడ్డాడు. మళ్ళీ తెచ్చుకునే ఓపిక లేకపోయింది. ఫిబ్రవరిలో పోయాడు. లైసెన్సు నా పేరుకు మారేసరికి ఏడు నెలలు, పదకొండు సంతకాలు, నాలుగు ఫొటోలు అయ్యాయి. ఫొటోల్లో నేను దొంగలా ఉన్నానని, దొంగకు తుపాకి ఎట్లా ఇచ్చినారని చౌడేశ్వరి అడిగింది. ముప్పైనాలుగేళ్ళ కాపురంలో ఆమె నన్ను మెచ్చుకున్న సందర్భాలు రాయాలంటే ఈ డైరీ చాలా పెద్దదవుతుంది, అందుకని రాయను.

తుపాకిని గడప దగ్గర ఆపి, ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, అప్పుడు లోపలికి రానిచ్చింది. నేను రిటైరై వచ్చిన రోజు ఎర్రనీళ్ళు కలపడానికి ఇంట్లో సున్నం లేదట.

"పంట రక్షణ నిమిత్తం" అని లైసెన్సులో ఉంది. రక్షించాల్సిన పంట గుట్ట కింద నాలుగెకరాల వేరుశనగ. యేసన్న సగపాలుకు చేస్తున్నాడు. వాళ్ళ నాయన మా నాయన దగ్గర చేశాడు, ఇప్పుడు ఇతను నా దగ్గర. ఈ ఏడు వానలు ఎగ్గొట్టి ఎగ్గొట్టి చివరికి ఒకటి సరిగ్గా పడింది. కాయ ఊరుతున్న సమయానికి అడవిపందులకు కబురందింది. మొన్న ఒక్కపూటలో పన్నెండు సాళ్ళు దున్నేసి పోయాయి.

అనంతపురం షాపులో తూటాలు లేవు. దీపావళి తర్వాత వస్తాయన్నారు. పందులు దీపావళి దాకా ఆగుతాయా అని అడిగితే షాపాయన ఫోన్ పెట్టేశాడు.

నాయన ఏనాడూ షాపు తూటా కొన్నవాడు కాదు. పేల్చినవాటినే మళ్ళీ నింపుకునేవాడు. ఆయన ట్రంకు పెట్టెలో ఆరు ఖాళీ అట్ట తూటాలు, గుండ్లు, తూటా అడుగున పెట్టే టోపీలు, మందు కొలిచే చిన్న ఇత్తడి గిన్నె దొరికాయి. అటక మీద ఇత్తడి డబ్బా, దాంట్లో సగానికి నల్లటి మందు. డబ్బా మీద పేరు లేదు. చదువు రాని మనిషి పేరెందుకు రాస్తాడు?

"యా కాలందో ఏమో, అదేం మందో ఏమో. స్టేషన్లో ఇచ్చేసి రాపో" అంది చౌడేశ్వరి.

ముప్పైయొక్క ఏళ్ళు కెమిస్ట్రీ ల్యాబులో పని చేసినవాడి భార్య అనవలసిన మాటేనా ఇది?

సెప్టెంబరు 6

ప్రయోగం: డబ్బా మూత తీసి చూడడం.
పరిశీలన: నలుపు. పలుకులు పలుకులుగా ఉంది. వాసన కొంత గంధకంలా, కొంత ఎలుకలా.
అనుమితి: తుపాకి మందు.

నిప్పు దగ్గరికి తీసుకుపోలేదు. ధైర్యం లేక కాదు, అగ్గిపెట్టె కనిపించలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నేను శాస్త్రం తెలిసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. నాయన దగ్గర ఒకప్పుడు రెండు రకాల మందులుండేవి. ఒకటి తుపాకిది. ఇంకొకటి బావి తవ్వినప్పుడు బండ పగలగొట్టడానికి ఎవరి దగ్గరో తెచ్చింది. ఒక మందుకు సరిపోయే కొలత ఇంకో మందుకు గొట్టాన్ని చీల్చడానికి సరిపోతుంది. గొట్టం చీలితే దాని వెనక ఉన్న మనిషి చెయ్యో కన్నో పోతుంది. ఇది నాయనే చెప్పేవాడు.

కాబట్టి జాగ్రత్తగా నిర్ణయించాను. తుపాకి మందే.

సెప్టెంబరు 7

మళ్ళీ చూశాను. నల్లగానే ఉంది.

ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్‌లో పిల్లలకు పేరు చెప్పకుండా ఒక ఉప్పు ఇస్తాం. వాళ్ళు కాచి, వడగట్టి, వాసన చూసి, దేవుణ్ణి తలచుకుని అదేమిటో కనుక్కోవాలి. దిక్కుతోచక నా వైపు చూసేవాళ్ళు. గోడకేసి మాట్లాడుతున్నట్టు పేరు చెప్పేవాణ్ణి. ముప్పైయొక్క ఏళ్ళలో ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఊళ్ళో నన్ను కెమిస్ట్రీ సార్ అంటారు. నేను లెక్చరర్నని అనుకుంటారు. ల్యాబ్ అసిస్టెంట్‌నని నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

సెప్టెంబరు 9

ఆరు తూటాలూ నింపాను. నాయన గిన్నెతో, నాయన కొలతతోనే.

నింపినంతసేపూ చౌడేశ్వరి పక్కింట్లో కూర్చుంది. పోతూ పోతూ కొత్త మిక్సీని చంకలో పెట్టుకుపోయింది. "అదేదో పేలితే మిక్సీ పోతాది" అంది. నేను పోతానన్న ఆలోచన ఆమెకు రాలేదో, వచ్చిందో తెలియదు.

ఒకటి పేల్చి చూడవలసింది. చూడలేదు. ఉన్నవే ఆరు, ఒకటి వృథా చేయడం న్యాయం కాదు. పైగా నా కుడి భుజం నొప్పి. పైగా కంట్లో శుక్లం.

సెప్టెంబరు 10

తుపాకి, తూటాలు యేసన్నకు ఇచ్చాను. లైసెన్సు నా పేరున ఉంది, తుపాకి అతని చేతిలో ఉంది. ఇది ఎక్కడా రాయకూడదు.

యేసన్న ఒక తూటా తీసుకుని వేళ్ళ మధ్య తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా ముఖం చూశాడు.

"మీరే నింపినారా సార్?"

"నేనే."

"పెద్దాయన డబ్బాలోదేనా?"

"అదేనప్పా. అన్ని పరీక్షలూ చేసినా. ఏం భయం లేదు."

"సరే సార్" అన్నాడు. ఆరింటినీ తువ్వాలు కొంగులో ముడేసుకుని పోయాడు. చదువుకున్నవాడి మాట మీద ఆ నమ్మకం చౌడేశ్వరికి కూడా ఉంటే ఎంత బాగుండేది.

సెప్టెంబరు 14

నాలుగు రోజులైంది. పందులు రాలేదు. తుపాకి శబ్దమూ లేదు. అడిగితే "పేల్చే పని పడలేదు సార్" అన్నాడు.

సెప్టెంబరు 19

మన పక్క చేను ఓబిలేష్‌ది. ముప్పైయేళ్ళు ఉంటాయి, రోజూ ఫోన్లో వ్యవసాయం వీడియోలు చూస్తాడు. వాడి చేనును పందులు దున్నేశాయి. మనది చెక్కుచెదరలేదు. టీ కొట్టు దగ్గర నలుగురిలో అన్నాడు.

"ఏం మందు పెట్టినారో ఏమో సార్, మీ చేను గట్టు కూడా తొక్కల్యా."

"తూటా పేలే పనే లేదప్పా. పందికి ముక్కు బలం. గంధకం ఆవిరి గాలిలో కొంచెం కలిసినా అది కనిపెడతాది" అన్నాను.

ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నోట్లోంచి దానంతటదే వచ్చింది. అందరూ తలలూపారు. టీ కొట్టాయన నా దగ్గర డబ్బు తీసుకోలేదు.

సెప్టెంబరు 27

ఉదయం పదింటికి చేనుకు పోతే యేసన్న, అతని పెళ్ళాం చిన్నక్క ఇద్దరూ వేపచెట్టు నీడన ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారు. లేపి నాలుగు చీవాట్లు పెట్టాను. కాపలా అంటే తుపాకి పక్కన పెట్టుకుని పడుకోవడమే కదా, ఇంకా పగలు కూడా నిద్రేమిటి? పని అంతా నా తూటాలే చేస్తుంటే మనుషులకు సోమరితనం పట్టుకుంది. చిన్నక్క అరికాలికి గుడ్డ కట్టుకుని ఉంది. ఏమని అడగడం మరిచిపోయాను.

అక్టోబరు 1

ఆయుధ పూజ.

వివరంగా రాయాలి.

స్కూటరుకు, గడ్డపారకు, మిక్సీకి బొట్లు పెట్టి, చివరికి అటక మీది డబ్బా దించమంది చౌడేశ్వరి. తుపాకి చేనులో ఉంది కాబట్టి దాని బదులు డబ్బాకు పూజ. డబ్బాను తిప్పి తిప్పి చూస్తూ అంది.

"పోయినేడు చింతపండేసి తోమితే ఎట్ల మెరిసింది, మళ్ళా నల్లబడింది చూడు."

"పోయినేడు ఎందుకు తోమినావు?"

"తుపాకి స్టేషన్లో ఉండె కదా, డబ్బాలకన్నా బొట్టు పెడదామని దించినా. సున్నం చుక్కలు పడి అసింకంగా ఉండె. గీకి గీకి తోమినా."

"చుక్కలా? ఎన్ని?"

"ఒగదానికి ఒగటి, ఇంగోదానికి రెండు."

నాయనకు అక్షరాలు రావు. చుక్కలే ఆయన అక్షరాలు. విత్తనాల కుండలకు కూడా సున్నపు చుక్కలే పెట్టేవాడు. డబ్బాను ఆమె చేతిలోంచి తీసుకున్నాను. తర్వాత అడిగాను.

"ఇంకో డబ్బా యాడుండాది?"

"ఉద్దిపప్పు పోసుకున్నా. మంచి ఇత్తడి డబ్బా, అటక మీద ఊరికే పడి ఉంటే!"

"దాంట్లో మందు?"

"రెండింట్లోనూ నల్లగానే ఉండె. రెండూ ఒగటేలే అని దీంట్లో పోసేసినా. ఏమయ్యా, అట్ల చూస్తావు? ఏమైంది?"

వంటింట్లోకి పోయి చూశాను. ఉద్దిపప్పు డబ్బా తళతళ మెరుస్తోంది. ఏడాదిగా దాంట్లోంచి తీసిన పప్పుతో చేసిన ఇడ్లీలు తిన్నాను.

రెండూ కలిసిపోయాయి. ఒక తూటాలో ఒకటి ఎక్కువ, ఇంకో తూటాలో ఇంకొకటి ఎక్కువ పడి ఉంటుంది. ఏది ఎంతో ఇక ఎవరూ చెప్పలేరు. నాయన లేచి వచ్చినా చెప్పలేడు.

ఆరు తూటాలూ యేసన్న దగ్గర ఉన్నాయి. అతను ముఖానికి ఆనించుకుని పేల్చే తుపాకి.

అక్టోబరు 2

దసరా. మంచి రోజు అశుభం మాట్లాడకూడదు. రేపు చెప్తాను.

అక్టోబరు 3

చేనుకు పోయాను. చెప్పవలసిన మాటలు దారిలో మూడు రకాలుగా అనుకున్నాను. యేసన్న పందులు తొక్కిన పాత సాళ్ళు సరిచేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏం సార్, ఎండలో వచ్చినారు?"

"ఊరికే. ఆ తూటాలు..."

"ఉండాయి సార్. ఆరూ ఉండాయి."

"అవసరమైతేనే పేల్చప్పా. ఊరికే పేల్చొద్దు."

"సరే సార్."

తిరిగి వచ్చేశాను. హెచ్చరించడం జరిగింది. ఒక విధంగా చెప్పినట్టే.

సాయంత్రం చౌడేశ్వరి అడిగింది. "చెప్పినావా?"

"చెప్పినా."

"ఏమన్న్యాడు?"

"సరే అన్న్యాడు."

డైరీలో అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను. చెప్పలేదు.

అక్టోబరు 4

ఇది ఎవరికీ చెప్పని సంగతి.

ప్రాక్టికల్స్ ముందు రోజు ఆ ఉప్పులన్నీ సీసాల్లో పోసేది నేనే. ఒకటో నంబరు సీసాలో ఇది, రెండో నంబరు సీసాలో ఇది అని చిట్టీ రాసుకుని జేబులో పెట్టుకునేవాణ్ణి. పిల్లల చేతిలోని సీసా నంబరు చూసి పేరు చెప్పేవాణ్ణి. వాళ్ళు చేసిన పరీక్షలు నాకు అవసరం లేదు. ముప్పైయొక్క ఏళ్ళలో నాకు పేరు తెలియని సీసా ఒక్కటీ నా చేతికి రాలేదు. నా జీవితంలో మొదటిసారి వచ్చింది నాయన డబ్బా. దానికి నంబరు లేదు.

యేసన్నకు నలభై రెండేళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ఉరవకొండలో నర్సింగ్ చదువుతోంది. అతని చేతులు పోతే ఆ ఇల్లు నిలబడదు. నాకు తెలుసు. తెలిసి ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. ఎందుకంటే చెప్పిన మరుక్షణం నేను కెమిస్ట్రీ సార్‌ను కాను. ఒక మనిషి కళ్ళు ఒక పక్క, నా పేరు ఒక పక్క పెట్టి తూస్తున్నాను. పేరు వైపే మొగ్గుతోంది. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

అక్టోబరు 5

శబ్దం లేదు.

అక్టోబరు 6

శబ్దం లేదు. మధ్యాహ్నం ఎవరో ట్రాక్టరు స్టార్టు చేస్తే అన్నం ముందు నుంచి లేచాను.

అక్టోబరు 8

తుపాకినే వెనక్కి తెచ్చేసుకుంటే సరి కదా అని తట్టింది. స్టేషన్లో చూపించమన్నారని చెప్తే చాలు. ఎవరికీ నష్టం లేని అబద్ధం. ఉత్సాహంగా బయల్దేరాను. టీ కొట్టు దగ్గర ఓబిలేష్ ఆపాడు. వాడితో పాటు ఇంకో ముగ్గురు రైతులు.

"ఈశ్వరప్ప సార్, మీ కోసమే చూస్తాండాం. మా ఇండ్లల్లో కూడా తుపాకులుండాయి, ఖాళీ తూటాలుండాయి. ఆ మందేదో మాకూ నింపీయండి సార్. మీరుండంగా మా చేండ్లు పందుల పాలు కావల్నా?"

"చూద్దాంలేప్పా" అన్నాను.

చూద్దాంలే! తెలీదు అన్న మాట మూడే అక్షరాలు. అది అనలేదు. ఇప్పుడు తుపాకి వెనక్కి తెస్తే ఎందుకు తెచ్చావని వీళ్ళు అడుగుతారు. ఇంటికి వచ్చేశాను.

అక్టోబరు 9

షాపుకు ఫోన్ చేశాను. దీపావళి తర్వాతే.

అక్టోబరు 10

శబ్దం లేదు. ఇంకెన్ని రోజులు ఇట్లా రాస్తాను?

అక్టోబరు 11

పొద్దున ఆరుంపావుకు వినిపించింది.

కాఫీ గ్లాసు చేతిలో ఉంది. గుట్ట వైపు నుంచి ఢామ్మని ఒకే ఒక్క చప్పుడు. చౌడేశ్వరి నా ముఖం చూసింది. చెప్పలేదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. గ్లాసు ఎక్కడ పెట్టానో, అసలు పెట్టానో లేదో గుర్తు లేదు. పరుగెత్తాను.

అరవై దాటినవాడికి ఒకటిన్నర కిలోమీటరు చిన్న దూరం కాదు. చెప్పులు లేవు. కంపముళ్ళు గుచ్చుకున్నాయి. దారి పొడుగునా దేవుళ్ళను పిలిచాను. మా వీరభద్రస్వామిని పిలిచాను. తర్వాత యేసుప్రభువును కూడా పిలిచాను. మనిషి వాళ్ళవాడు కదా, తొందరగా వింటాడని. కళ్ళు పోయి గట్టు మీద పడి ఉన్న యేసన్నే ముందర కనిపిస్తున్నాడు. ఆ పెద్దపిల్లకు ఏమని చెప్పాలో కూడా అనుకున్నాను. "ప్రమాదవశాత్తూ" అన్న మాట ఆ పరుగులో కూడా నాకు తట్టింది. ఇంత నీచుణ్ణని నాకే తెలియదు.

చేనులో పొగ. పొగ పక్కన యేసన్న నిలబడి ఉన్నాడు. చిన్నక్క చెవులు మూసుకుని నవ్వుతోంది.

"లక్ష్మీ బాంబు సార్" అన్నాడు. "నిన్న అంగట్లోకి దీపావళి సరుకు వచ్చింటే తెచ్చినా. మూడు పందులు దిగినాయి, ఒక్క దెబ్బకు గుట్టెక్కినాయి. అయ్యో, ఏం సార్, చెప్పులు కూడా లేకుండా..."

నేను అతని చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూశాను. ముఖం చూశాను. గట్టు మీద కూలబడ్డాను. అక్కడ కూర్చునే చెప్పాను.

"ఆ తూటాలు పేల్చొద్దప్పా. దాంట్లో ఏముండాదో నాకు తెలీదు. రెండు మందులు కలిసిపోయినాయి. పది దినాలుగా తెలుసు నాకు. చెప్పలేకపోయినా."

యేసన్న చిన్నక్క వైపు చూశాడు. చిన్నక్క నవ్వడం మానేసింది. అతను గుడిసెలోకి పోయి నీళ్ళ కుండ ఒకటి ఎత్తుకొచ్చి నా ముందర వంచాడు. నీళ్ళతో పాటు ఆరు తూటాలు మట్టి మీద పడ్డాయి. అట్టలు ఉబ్బి, నానిపోయి ఉన్నాయి.

"మీరు ఇచ్చిన దినమే వేసినా సార్."

"ఎందుకు? నీకెట్ల తెలుసు?"

"మందు సంగతి నాకు తెలీదు సార్. మా నాయన చెయ్యి తెలుసు."

వాళ్ళ నాయన జయరాజు. కుడిచేతికి రెండే వేళ్ళు మిగిలినవాడు. మా చిన్నప్పుడు మేము ఆ చేతిని ఎండ్రకాయ అని నవ్వేవాళ్ళం. వేరుశనగ మిషన్లో వేళ్ళు పోయాయని ఇంట్లో చెప్పారు.

"మిషను కాదు సార్" అన్నాడు యేసన్న, కుండను నిలబెట్టి పెడుతూ. "పెద్దాయన నింపిన తూటా. ఈ చేన్లోనే. పెద్దాయనే ఎత్తుకోని ఆస్పత్రికి పోయినాడు, అది లేదనను. మూడేండ్లు గింజలిచ్చినాడు. మిషన్లో పడిందని చెప్పమన్నాడు. మా నాయన చచ్చేదాకా అదే చెప్పినాడు. మా కాడ మాత్రం ఒగ మాట చెప్పి పోయినాడు. ఆ ఇంటి చేను చేయండి, ఆ ఇంటి తిండి తినండి, ఆ ఇంటి తూటా మాత్రం పేల్చొద్దండని."

అంటే నాయన మందు డబ్బాలకు సున్నపు చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది జయరాజు వేళ్ళు పోయిన తర్వాతే అయి ఉంటుంది. ఏ మందు ఏదో అప్పట్లో ఆయనకూ తెలియలేదన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. తెలియంది దాచుకునే ఈ విద్య నాకు కెమిస్ట్రీ ల్యాబులో వచ్చిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"ఆ దినమే నాకు చెప్పొచ్చు కదా యేసన్నా?"

అతను మట్టి మీది తూటాలు ఏరుతున్నాడు. చిన్నక్కే చెప్పింది.

"ఏమని చెప్పల్ల సార్? అన్నీ పరీక్ష చేసినా అంటిరి. కాదంటే, భయపడేటోళ్ళకు చేనెందుకని ఇంగొకరికి ఇస్తారు. సరే అంటే పోయె అనుకుంటిమి."

"మరి నెల దినాలు పందులు ఎట్ల రాకుండా ఉన్నాయి?"

"రాకుండా యాడుంటాయి సార్? పొద్దు గూకినప్పటి నుంచి తెల్లారే దాకా ఆయప్ప ఈ గట్టున, నేను ఆ గట్టున, పళ్ళేలు కొట్టుకుంటా, అరుచుకుంటా తిరుగుతాంటిమి. మీకు ఊళ్ళోకి యాడ వినపడతాది?" ఆమె అరికాలికి ఇంకా గుడ్డ కట్టి ఉంది.

నాకు చాలా సిగ్గేసింది. సిగ్గు అని రాస్తే చిన్న మాటగా ఉంది, కానీ వేరే మాట తెలియదు. పగలు పడుకున్నారని నేను తిట్టిన ఇద్దరు మనుషులు వాళ్ళే. చిన్నక్క నా పాదంలోంచి రెండు ముళ్ళు తీసింది. యేసన్న తన చెప్పులు నాకు ఇచ్చి పంపించాడు.

ఇంట్లో చౌడేశ్వరికి అంతా చెప్పాను. ఆమె లేచి ఉద్దిపప్పు డబ్బాలోంచి పప్పంతా పెంటదిబ్బలో కుమ్మరించి వచ్చింది.

అక్టోబరు 13

స్టేషన్‌కు పోయి చెప్పాను. డబ్బాను ముట్టుకోవద్దని, వాళ్ళే వస్తామని అన్నారు. సాయంత్రం జీపులో వచ్చి, మమ్మల్నందరినీ వీధి చివరికి పంపి, ఇసుక పోసిన పెట్టెలో పెట్టుకుని పోయారు. యేసన్న తెచ్చిచ్చిన ఆరు తూటాలు కూడా. ఇంట్లో మందు ఎందుకు పెట్టుకున్నావని, తూటాలు ఎవరు నింపారని చాలా అడిగారు. నిజమే చెప్పాను. చేను నుంచి తెచ్చిపెట్టిన తుపాకి కూడా తీసుకుపోయారు. లైసెన్సు సంగతి పైవాళ్ళు చూస్తారట. చూడనీ.

కాగితంలో "పదార్థం పేరు" అని ఒక గడి ఉంది. రాసుకునే కానిస్టేబుల్ నా వైపు చూశాడు.

"ఏదో ఒకటి చెప్పండి సార్. మీరే కెమిస్ట్రీ సార్ అంట కదా."

"తెలీదు అని రాయప్పా. ఇంకోటి, నేను సార్‌ను కాదు. ల్యాబ్ అసిస్టెంట్‌ను."

మొదటిదే రాసుకున్నాడు. రెండోదానికి కాగితంలో చోటు లేదన్నాడు.

అక్టోబరు 14

ఈ రోజు నుంచి పొద్దు గూకే వేళకు నేను కూడా చేనుకు పోతున్నాను. మూడో గట్టు నాది. పళ్ళెం కొట్టడం అంత సులభం కాదు, మణికట్టు నొప్పి పుడుతుంది. చౌడేశ్వరి ఇచ్చిన పళ్ళెం సొట్ట పోయింది. కొత్త మిక్సీ గురించి లాగే దాని గురించి కూడా బాధపడింది.

అక్టోబరు 20

దీపావళి. యేసన్న పిల్లలకు చిచ్చుబుడ్లు ఇచ్చాను. దూరంగా నిలబడి కాల్చుకోమని ఎన్నిసార్లు చెప్పానో. చిన్నది విసుక్కుంది.

అక్టోబరు 27

కాయ పీకడానికి మంచి అదును. నేల కొంచెం తడిగా ఉంది. ఉదయం నేనూ యేసన్నా గట్టు మీద కూర్చుని కూలీల సంగతి మాట్లాడుకుంటున్నాం. ఓబిలేష్ సంచి పట్టుకుని వచ్చాడు. సంచిలో ఖాళీ తూటాలు.

"సార్, మీరు చూద్దాంలే అని ఇరవై దినాలాయ. నా చేను సగం పాయె. మిగిలిన సగానికన్నా..."

"ఓబిలేషూ, నా తూటా ఒక్కటి కూడా పేలలేదప్పా. అవి నీళ్ళల్లో ఉండె. చేను కాపాడింది యేసన్న, చిన్నక్క. రాత్రంతా కాళ్ళు పగిలేట్టు తిరిగినారు. ఆ మందేందో నాకు తెలీదు. నేను నింపిందే తప్పు. నువ్వు కూడా తెలియని మందు ముట్టుకోవద్దు. పేల్చింటే ఈయప్పకు చేతులుండేవి కాదు."

అంతా ఒక్క ఊపున చెప్పేశాను. చెప్పాక ఒళ్ళు తేలికైంది.

ఓబిలేష్ నన్ను చూశాడు, యేసన్నను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"ఇయ్యకుంటే ఇయ్యనని చెప్పండి సార్. దానికి ఇంత కథెందుకు? చదువుకున్నోళ్ళు విద్య దాచుకుంటారని మా నాయన చెప్తాండె, నేనే నమ్మల్యా." సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఊరంతా నేను పిసినారినని తెలిసిపోయి ఉంటుంది. టీ కొట్టాయన ఇక ఊరికే టీ ఇవ్వడు.

యేసన్న నవ్వలేదు. నిజం చెప్పినారని మెచ్చుకోనూ లేదు. ఆగిన చోటి నుంచి కూలీల లెక్క మళ్ళీ మొదలుపెట్టాడు.

"చిన్నక్క ఒగరు. మా పెద్దపిల్లకు సెలవులు, అది రెండు. పైవీధి వాళ్ళు నలుగురొస్తారు సార్, ఆరు..."

ఒక్కొక్కరిని లెక్కపెట్టి ఒక్కొక్క వేలు మడుస్తున్నాడు. కుడిచెయ్యి అయిపోయాక ఎడమచెయ్యి పట్టాడు. ఎవరెవరు వస్తారో నేను వినలేదు. పదో వేలు మడిచేదాకా ఆ చేతులే చూస్తూ కూర్చున్నాను.